చేప వేపుడుకు ఆధారం

మా పక్కింటి అమీరున్నీసాకు అబద్ధం చెప్పడం చేతకాదు. అదేదో గొప్ప గుణమని మీరు చేతులు జోడించకండి. పక్కింట్లో కాపురముండి చూడండి, తెలుస్తుంది. నా కొత్త చీర ఎట్లా ఉందని ఒకసారి పొరపాటున అడిగాను. "చీర మంచిగుంది టీచరమ్మా, నీ మీదనే మంచిగ లేదు" అంది. కాలనీలో పెళ్ళికి ఆమెను పిలవకపోతే బాగుండదు. పిలిస్తే వియ్యపురాలి మొహం మీదే బగారా అన్నంలో ఉప్పు తక్కువైందని చెబుతుంది. అలాంటి మనిషిని పట్టుకుని ఒక కాలేజీ, ఒక వెబ్‌సైటు, ఇంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి ఒక అబద్ధానికి ఆధారంగా నిలబెట్టారు. అదీ మామూలుగా కాదు. రచయిత పేరు, శీర్షిక, తేదీ, లింకు, అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. ఎక్కడా వేలు పెట్టడానికి లేదు.

నేను నందికొండ బడిలో తెలుగు చెబుతాను. హిల్ కాలనీలో సాగర్ ప్రాజెక్టు వాళ్ళు కట్టిన పాత క్వార్టర్లలో ఒకదాంట్లో నేను, గోడకవతల అమీరున్నీసా, ఆమె కొడుకు కుటుంబం. ఆమె పుట్టింది జడ్చర్లలో. తండ్రి రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. భర్త మెహమూద్ డ్యాం మీద ఖలాసీ, గేట్లకు గ్రీజు పూసే పని. ఆయన చిన్న వయసులోనే జ్వరంతో పోయాడు. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని లాంచీల రేవు దగ్గర చాయ్ బండి వేసింది. లాంచీ ఎక్కేవాళ్ళు చాయ్ తాగేవాళ్ళు. దిగినవాళ్ళు ఆకలనేవాళ్ళు. వాళ్ళకేం పెట్టాలో ఆమెకు తెలిసేది కాదు.

తెలిసిన మనిషి బిక్షమ్మ. తిరుమలగిరి వైపు పల్లె, ఊరికి అవతల దళితవాడ. సెంటు భూమి లేదు. డ్యాం పనిలో తట్టలు మోసింది, అది అయ్యాక కాలువ పనిలో మోసింది. అదీ అయిపోయాక మోయడానికేమీ మిగలలేదు. రేవు పక్కన జాలర్లు వదిలేసిన చిన్న చేపలు ఏరుకొచ్చి పిల్లలకు వండిపెట్టేది. ఎండిన చింతచిగురును నలిపి, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి నూరి, చేపకు పట్టించి, రాతి మీద కాసేపు ఆరనిచ్చి, అప్పుడు పెనం మీద వేసేది. ఆ వాసన చాయ్ బండి దాకా వచ్చింది. అమీరున్నీసా వాసన పట్టుకుని పోయి, అడగకుండానే ఒక ముక్క నోట్లో వేసుకుని, "బిక్షీ, ఇది అమ్ముదాం" అంది.

"నా చేతిది ఎవరు తింటరక్కా?" అంది బిక్షమ్మ.

పేరేంది, ఏ ఊరు, ఊర్లె ఏ దిక్కు అని అడిగి కులం బయటికి లాగడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. బండి వెనుక గోనెపట్టా కట్టి, దాని చాటున బిక్షమ్మ చేపలు కడిగి, మసాలా నూరి, పట్టించి ఇచ్చేది. ముందు పెనం దగ్గర అమీరున్నీసా కూర్చుని కాల్చేది. "ఎవరు చేసిన్రమ్మా, మస్తుగుంది" అని ఎవరైనా అంటే చాలు, అమీరున్నీసా నోరు తెరిచేలోపే గోనెపట్టా వెనుకనుంచి కేక వచ్చేది: "అమీరక్క చేసింది సారూ!" సాయిబులామె చేతిది తిననివాళ్ళు బండి దాకా వచ్చేవాళ్ళే కారు. మిగతావాళ్ళు లొట్టలేసుకుంటూ తినేవాళ్ళు.

కానీ అమీరున్నీసా ఊరుకుంటుందా? తిని చెయ్యి కడుక్కున్నాక చెప్పేసేది. "తిన్నవు గద, ఇప్పుడు చెప్తున్న. నేను కాదు, గా పట్టా ఎనుక బిక్షమ్మ చేసింది." చాలామంది విననట్టు వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు ఎక్కడినుంచో వచ్చిన కాంట్రాక్టరొకడు వెళ్ళిపోలేదు. తిన్నదంతా తిన్నవాడు, పట్టా పక్కకు లాగి, బిక్షమ్మను ఏ వాడ అని అడిగి, పెనాన్ని కాలితో తన్నాడు. కాగిన నూనె బిక్షమ్మ పాదం మీద పడింది. ఆ మచ్చ నేను చూశాను, ఇప్పటికీ అరచేయంత ఉంది. బండి నడిచినన్నాళ్ళు ఆ మాట ఎత్తనని బిక్షమ్మ ఆ రోజే ఒట్టు వేయించుకుంది. అబద్ధం రాదు, నిజం చెప్పకూడదు, ఇక చేసేదేముంది? ఎవరైనా అడిగితే అమీరున్నీసా ఉలుకూ పలుకూ లేకుండా నూనె వైపు చూస్తూ కూర్చునేది. జనం ఆమెకు పొగరనుకున్నారు.

తెలంగాణ వచ్చిన ఏడాది ఇద్దరికీ మోకాళ్ళు మొరాయించాయి. బండి తీసేశారు. బిక్షమ్మ తిరుమలగిరిలో కొడుకు డానియల్ దగ్గరికి పోయింది. అప్పటినుంచీ అమీరున్నీసాకు ఒకటే కోరిక.

"టీచరమ్మా, బండి లేదు, నా ఒట్టు తీరింది. బిక్షి పేరు ఏడన్న ఒక్క కాడ రాయాలె. నేను పోతే గా పేరు చెప్పేటోళ్ళు ఎవరున్నరు? అది రాసినంక అల్లా ఎప్పుడు పిలిచినా నాకు ఫికర్ లేదు."

నాకు చెప్పింది. మనవరాలు గజాలాకు చెప్పింది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషిని నిలబెట్టి మరీ చెప్పింది. ఎక్కడ రాయాలో మాత్రం మాకెవరికీ తోచలేదు.

గజాలా డిగ్రీ ఆఖరు ఏడాదికి వచ్చినప్పుడు తోవ దొరికిందనుకున్నాం. డిగ్రీ పిల్లలు సొంతంగా పరిశోధన పత్రం రాసే పోటీ ఒకటి పెట్టారు. గజాలా 'నందికొండ చేపల వేపుడు చరిత్ర' అని అంశం తీసుకుంది. ముసలామె సంబరం చూడాలి! మూడు పూటలా పిల్ల వెనకే తిరుగుతూ, "బిక్షి పేరు పైననే రాయి, కింద ఏడనో మూలకు రాయకు" అని ఒకటే పోరు.

గజాలాకు గైడు చరిత్ర చెప్పే ఎల్లస్వామి సారు. మంచివాడే, పిల్లలంటే ప్రాణం పెడతాడు. కాకపోతే ఆ మధ్యే హైదరాబాదులో, ఇంటర్నెట్టు నుంచి తీసుకున్న సమాచారానికి ఆధారం ఎలా చూపాలి అనే శిక్షణకు పోయి వచ్చాడు. వచ్చినప్పటినుంచీ ఆయనతో మాట్లాడటం కష్టమైపోయింది. రేపు వానొస్తుందట సార్ అంటే ఎవరన్నారు, ఎప్పుడన్నారు, లింకేది అంటాడు. స్టాఫ్‌రూములో ఆయన్ను చూసి జనం చాయ్ గ్లాసుతో సహా లేచి పోతున్నారని గజాలాయే చెప్పింది.

గజాలా మొదటి ప్రతి తీసుకుపోయింది. చివర ఆధారాలు అని రాసి, కింద మూడు మాటలు పెట్టింది: గూగుల్, యూట్యూబ్, దాదీ. దాదీ అంటే నాయనమ్మ, మా అమీరున్నీసాయే. సారు మూడింటినీ ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"గూగుల్ ఆధారమేంది బిడ్డా? మీ ఇల్లేడ అంటే బస్టాండు అన్నట్టుంది. గూగుల్ తోవ చూపిస్తది, అంతే. నువ్వు పోయి చదివిన పేజీ ఏది? ఎవరు రాసిన్రు, ఏ తారీఖు, శీర్షిక ఏంది, ఏ సైటు? నువ్వు చూసిన తారీఖు గూడ రాయి. రేపు వాళ్ళు పేజీ తీసేస్తే నువ్వు చూసినవన్న సంగతన్న ఉంటది. లోపల వాక్యం పక్కన చిన్నగ పేరు, సంవత్సరం. చివర పూర్తి వివరం. ఇక్కడ లేనిది అక్కడ ఉండొద్దు, అక్కడ లేనిది ఇక్కడ ఉండొద్దు."

"మరి దాదీ సార్?"

"పోటీ రూల్సు చదివినవా? ప్రతి మాటకూ జడ్జీలు తెరిచి చూసుకునే ఆధారం ఉండాలె. మీ దాదీని జడ్జి ఏడ తెరిచి చూస్తడు?"

గజాలా ఇంటికొచ్చి ఈ మాట చెబితే అమీరున్నీసా ముందు నవ్వింది. నవ్వు అంతవరకే. పిల్ల ఫోనులో వెతికితే నందికొండ వేపుడు మీద ఒకే ఒక పేజీ దొరికింది. 'రుచుల బాట' అనే సైటు. డ్యాం కట్టడానికొచ్చిన ఇంగ్లీషు ఇంజనీర్ల వంటవాడు, తన దేశపు పద్ధతికి మన మసాలా కలిపి ఈ వేపుడు కనిపెట్టాడని అందులో ఉంది. డ్యాంకు పునాదిరాయి పడేనాటికి తెల్లవాళ్ళు దేశం వదిలి ఎనిమిదేళ్ళు. ఆ సంగతి ఆ సైటుకు ఎవరూ చెప్పినట్టు లేదు. కింద రచయిత పేరు ఉండాల్సిన చోట 'అడ్మిన్' అని ఉంది.

గజాలా పద్ధతి ప్రకారం రాసుకుంది. అడ్మిన్. (2017, మే 4). సాగర్ వేపుడు వెనుక ఇంగ్లీషు చెయ్యి. రుచుల బాట. దాని కింద లింకు, చూసిన తేదీ. సారు చూసి, "గిట్ల రాయాలె! ఏమన్న తప్పున్నదా చెప్పు" అన్నాడట. ఆ రాసిన తీరులో నిజంగానే ఒక్క తప్పు లేదు.

"ఎవడే గీ అడ్మిన్?" అంది అమీరున్నీసా. "ఏ ఊరు? ఎవరి కొడుకు?"

"అది పేరు గాదు దాదీ. సైటు నడిపేటోళ్ళు గట్ల పెట్టుకుంటరు."

"పేరు లేనోడు రాస్తే నమ్ముతరా? పేరున్న బిక్షి చేస్తే నమ్మరా? తౌబా తౌబా! ఏం సదువులే మీవి?"

నాకూ ఒళ్ళు మండింది. నేనే ఎల్లస్వామికి ఫోను చేశాను. ఆయన ఓపికగా విన్నాడు. "మీరన్నది నిజమే మేడం. నోటిమాటకు విలువ లేదని నేనంటలేను. గా మాటను తెరిచి చూసుకునేటట్టు పెట్టమంటున్న. వీడియో తీసి, పేరు, తారీఖు వేసి, ఆన్‌లైన్ల పెట్టమనుండ్రి. అప్పుడు అది గూడ ఆధారమే. నేనే దగ్గరుండి రాయిస్త" అన్నాడు. ఇంత తేలిక ఉపాయం నాకెందుకు తోచలేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం డాబా మీద వీడియో తీశాం. అమీరున్నీసా పండుగకు కట్టే తెల్ల చీర కట్టింది. కెమెరా కన్నులోకి సూటిగా చూసి, చింతచిగురు నుంచి గోనెపట్టా దాకా అంతా చెప్పింది. "చేసింది బిక్షమ్మ. నేను ఉత్త కాల్చిన. ఇంటున్నరా? బిక్షమ్మ!" అని చివర పేరు ఇంకోసారి అరిచింది. గజాలా దాన్ని యూట్యూబులో పెట్టి, తేదీ, శీర్షిక, లింకు రాసుకుంది. సారు సంతోషించాడు. "ఇగ ఒక్కటే మిగిలింది. మీ దాదీ ఎవరి పేరు చెప్తున్నదో ఆమె బతికే ఉన్నది గద? ఆమె మాట గూడ తీసుకుంటే జడ్జీలకు మారు మాట ఉండది" అన్నాడు.

అదెంత భాగ్యం అనుకుని ముగ్గురం తిరుమలగిరి బస్సెక్కాం. దారి పొడుగునా అమీరున్నీసా చిన్నపిల్లలా కూర్చుంది. బిక్షికి ఏ చీర బాగుంటుందో, వీడియోలో ఏ పక్కన కూర్చుంటే ఎండ పడదో చెబుతూనే ఉంది.

డానియల్ నడిపే భోజనాల మెస్సు మెయిన్ రోడ్డు మీద సంతకు పోయే దారిలో ఉంది. నేను అంతకుముందు చూడలేదు. పైన పెద్ద బోర్డు, దాని మీద 'అమీర్ ఫిష్ మెస్'. అది చదివి నేను అమీరున్నీసా వైపు చూశాను. ఆమె చదువుకోలేదు, బోర్డు చూడకుండానే చరచరా లోపలికి నడిచింది. భోజనాల వేళ. బల్లలన్నీ నిండి ఉన్నాయి. డానియల్ పరుగున వచ్చి, "పెద్దమ్మా, ఎప్పుడొచ్చినవే? కూసో, కూసో" అని కుర్చీలు లాగాడు. వంటింటికీ బల్లలకూ మధ్య పూల కర్టెన్ వేలాడుతోంది. దాని వెనుకనుంచి బిక్షమ్మ వచ్చి అమీరున్నీసాను కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఎందుకో వాళ్ళకే తెలియాలి.

గజాలా ఫోను పైకెత్తి, "బిక్షవ్వా, సాగర్ చాపల ఫ్రై మొదలు ఎవరు చేసిన్రు? జర గట్టిగ చెప్పు" అంది.

బిక్షమ్మ ఫోను వైపు చూసింది. తరువాత బల్లల వైపు చూసింది. తినేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు.

"అమీరక్క చేసింది బిడ్డా. నాకేం తెల్వది. నేను గిన్నెలు తోమిన."

"ఏందే బిక్షీ!" అని అమీరున్నీసా లేచింది. "పోరి సదువిది, జర ఇమానంగ చెప్పు. నువ్వు గాదా చింతచిగురు నూరింది?"

"నువ్వే నూరినవక్కా. మరిచినట్టున్నవ్. కూసో, అన్నం తిందువు." బిక్షమ్మ ఆమె భుజాలు పట్టి కూర్చోబెట్టింది. చూపు మాత్రం బల్లల వైపే ఉంది.

నేను డానియల్‌ను బయటికి పిలిచి, "ఏమిటయ్యా ఇది?" అన్నాను. ఆయన బోర్డు కింద నిలబడి, తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు.

"కోపం జెయ్యకు టీచరమ్మా. ఈడ తినేటోళ్ళకు మేమెవరమో తెల్వదా? సగం మందికి తెల్సు. తెల్సి గూడ తెల్వనట్టు తింటరు. బోర్డు మీద పెద్దమ్మ పేరు ఉన్నది గాబట్టి గట్ల ఉంటానికి వాళ్ళకు వీలైతాంది. అమ్మ పేరు వీడియోల వస్తే తెల్వనట్టు ఎట్ల ఉంటరు చెప్పు? ఎవడో ఒకడు లేస్తడు. వాని ఎనుక ఇంకొకడు లేస్తడు. నాకు ఇద్దరు ఆడపిల్లలు సదువుకుంటున్నరు."

లోపలికి పోయి ఆ చేపే తిన్నాను. ఎప్పటిలాగే అద్భుతంగా ఉంది, సగం పళ్ళెంలోనే వదిలేశాను.

తిరిగొచ్చి బస్సు దిగాక అమీరున్నీసా నన్ను, "బయట బోర్డు మీద ఏం రాసి ఉన్నదే టీచరమ్మా?" అని అడిగింది. మెస్సు నుంచి బయటికి వచ్చేటప్పుడు గజాలా పైకి చదివితే సగం విన్నట్టుంది. చెప్పాను. రోడ్డు మీదే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గజాలా కూడా సారు దగ్గర ఏడ్చింది. జరిగిందంతా చెప్పింది. ఎల్లస్వామి ఎర్ర పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టాడట.

"నువ్వు చెప్పింది నేను నమ్ముతున్న బిడ్డా. నమ్ముడు వేరు, రాసుడు వేరు. ఆమె నోటితోని కాదన్నదాన్ని ఆమె పేరు పెట్టి ఔనన్నదని ఎట్ల రాస్తవు? అది తప్పుడు ఆధారం అయితది. రేపు గా పేపరు నలుగురు చూస్తే, డానియల్‌కు ఏమన్న అయితే, ఎవరు జవాబు చెప్తరు?"

"దాదీ వీడియో ఉన్నది గద సార్?"

"ఉన్నది. గా పక్కన బిక్షమ్మ వీడియో ఉన్నది. ఒకరి మీద ఒకరు చెప్పుకున్నరు. గట్లయినప్పుడు మూడో ఆధారం చూడాలె."

చూశారు. డానియల్ మెస్సుకు ఫోను మ్యాపులో పేజీ ఉంది. దాని కింద తిన్నవాళ్ళు పేర్లతో, తేదీలతో రాసిన మెచ్చుకోళ్ళు బోలెడు. 'అమీర్ గారి అసలు సాగర్ రుచి', 'అమీరమ్మ చేతి మహిమ', అన్నీ ఆ తీరే. ఒక్కడు కూడా కర్టెన్ వెనుక ఎవరున్నారో రాయలేదు. సారు వాటిని లెక్కలోకి తీసుకున్నాడు, లింకులు సరిచూశాడు, చూసిన తేదీలు వేయించాడు. ఇంగ్లీషు వంటవాణ్ణి, తేదీలు కుదరవని చెప్పి, ఆయనే స్వయంగా కొట్టేశాడు. ఆ ఒక్క న్యాయం జరిగింది. చివరికి పత్రంలో తేలిందేమిటంటే, నందికొండ చేపల వేపుడు సృష్టికర్త అమీరున్నీసా. ఆధారాలు నాలుగు, బిక్షమ్మ వీడియో, మూడు మెచ్చుకోళ్ళు, అన్నీ జడ్జీలు తెరిచి చూసుకోవచ్చు. ఆమె తన వీడియోలో వేరే పేరు చెప్పిన సంగతి గజాలా పట్టుబట్టి కింద చిన్న అక్షరాల్లో పెట్టింది. 'ఆమె ఈ ఘనతను స్నేహితురాలికి ఇవ్వడం గమనార్హం' అని సారు దానికి ఒక వాక్యం తగిలించాడు.

పేపరుకు మొదటి బహుమతి వచ్చింది. ఆధారాలు చూపిన తీరును జడ్జీలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. కాలేజీ వాళ్ళు పేపరును తమ వెబ్‌సైటులో పెట్టారు. నెల తిరక్కుండా అడ్మిన్ గారు 'రుచుల బాట'లో తన వ్యాసం మార్చేశాడు. ఇంగ్లీషు వంటవాడు పోయి అమీరున్నీసా వచ్చింది. కింద ఆధారం గజాలా పేపరు, లింకుతో సహా. పాపం, ఆయన కూడా పద్ధతి నేర్చుకున్నాడు.

అమీరున్నీసాకు ఇవన్నీ ఒక్కొక్కటిగా తెలిశాయి. ప్రతి వార్తకూ ఒక పూట అన్నం మానేసింది. "నా పేరు తీసెయ్యుండ్రి, బిక్షి పేరు రాయకపోతే మానె, నాదన్న తీసెయ్యుండ్రి" అని గజాలాను పట్టుకుని బతిమాలింది. తీయడం పిల్ల చేతిలో ఎక్కడుంది? అప్పుడు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. వార్షికోత్సవంలో ముసలామెకు శాలువా కప్పుతారట.

నేను ఆమె రానంటుందనుకున్నాను. ఒప్పుకుంది. "బిక్షమ్మ వస్తేనే నేనొస్త" అని ఒకే షరతు పెట్టింది. నాతో గొంతు తగ్గించి, "మైకు ఇస్తరట గద టీచరమ్మా. గాడ చెప్తా. అందరి ముందట, బిక్షి ముందట చెప్తా. మైకుల చెప్పినంక ఎవడు కొట్టేస్తడో చూస్తా" అంది.

"బిక్షమ్మకు ఇష్టం లేదు కదా. డానియల్ సంగతి ఆలోచించావా?" అన్నాను.

"ఆలోచించిన. రాత్రంత గదే ఆలోచన. కానీ నేను చెయ్యని దొంగతనం నా నెత్తిన పడ్డది టీచరమ్మా. నేను దొంగ పేరుతోని చావాల్నా?"

రెండు వైపులా న్యాయం ఉందని నాకు తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు బడిలో పిల్లలందరి మీదా కేకలేశాను.

కాలేజీ ముందు షామియానా వేశారు. బిక్షమ్మ డానియల్‌తో వచ్చింది, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, వెనుక వరుసలో ఒదిగి కూర్చుంది. వేదిక మీద ఆ కాలేజీ లెక్చరర్ నాగరాణి మేడం మైకు పట్టుకుని అందరినీ పరిచయం చేస్తోంది. అమీరున్నీసా జీవితం మొత్తం చదివింది, జడ్చర్ల జట్కాతో సహా. శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు.

అమీరున్నీసా మైకును గట్టిగా పట్టుకుంది.

"నేను సదువుకోలే. నాకు గొప్ప మాటలు రావు. గా చాప నేను చెయ్యలే. బిక్షమ్మ చేసింది. గో, గా ఎనుక వరుసల కూసున్నది, పచ్చచీర. గామెది వాడ గాబట్టి మీరు తినరని నా పేరు చెప్పింది. నలభై ఏండ్లు చెప్పింది. గీ శాలువా గామెది."

ఎల్లస్వామి తల దించుకున్నాడు. చెప్పేసింది, ఇక ఏమైతే అదవుతుందని డానియల్ వైపు చూశాను. ఆయన కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

నాగరాణి మేడం ముందుకు వచ్చి మైకు అందుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "చూశారా పిల్లలూ! ఎంత వినయం! తాను సాధించిన ఘనతను తన దగ్గర పనిచేసిన ఒక పేద స్నేహితురాలికి ఇచ్చేస్తున్నారు. ఇలాంటి పెద్ద మనసు ఈ రోజుల్లో ఎక్కడుంది?" అంది. షామియానా అదిరిపోయేలా చప్పట్లు మోగాయి. పిల్లలు ఈలలు వేశారు.

"వినయం గాదు మేడం, నిజం! నేను నిజమే చెప్తున్న!" అని అమీరున్నీసా అరిచింది. మైకు ఆమె చేతిలో లేదు. దగ్గరున్నవాళ్ళకు వినిపించింది, వాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను వెనక్కి తిరిగి చూశాను. అందరికంటే గట్టిగా కొడుతున్నది బిక్షమ్మ.

అమీరున్నీసా ఇక ఎవరినీ లెక్కచేయలేదు. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, వరుసల మధ్యనుంచి పోయి, బిక్షమ్మ చెయ్యి పట్టి వేదిక మీదికి లాక్కొచ్చింది. తన భుజాల మీది శాలువా తీసి ఆమెకు కప్పింది. "తియ్యి ఫోటో" అని ఫోటోగ్రాఫరును గద్దించింది. అతను కెమెరా పైకెత్తాడు.

బిక్షమ్మ ఆ శాలువాను ఒక్కసారి చేత్తో తడిమింది. తరువాత మెల్లగా తీసి, మళ్ళీ అమీరున్నీసాకు కప్పి, ముడతలు పోయేటట్టు కొంగు దగ్గర సర్దింది. "నువ్వొక్కదానివి నిలబడక్కా, మంచిగ వస్తది" అని చెప్పి, ఎవరూ అడగకముందే ఫోటోలోంచి పక్కకు జరిగింది.